శాసనసభా తీర్మానమును చవదార్ చెఱువు నీరును

శాసనములచేత సంఘము మాఱదని కొందఱును, చట్టమొకటి వచ్చినచో సమస్తమును చక్కబడునని మఱికొందఱును మనలో వాదించుచుందురు. ఈ రెండు వాదములును ఎంతవఱకు నిజమో పరీక్షించుటకు బొంబాయి రాష్ట్ర చరిత్రమున ఒక వృత్తాంతము కలదు. అది శాసనసభలో ఒక సభ్యుడు ప్రతిపాదించిన కొలది పంక్తుల తీర్మానముతో 1923లో మొదలై, 1937లో హైకోర్టు తీర్పుతో ముగిసినది. డాక్టరు అంబేద్కరు మహాడ్‌లో చవదార్ చెఱువు నీరు త్రాగిన సంగతి చదువరు లెఱుగుదురు. ఆ చెఱువునకు త్రోవ చూపిన తీర్మానమును, దానిని తెచ్చిన సీతారామ కేశవ బోలేగారిని ఎఱిగినవారు తక్కువ.

బోలేగారు భండారీ కులమున జనించిరి. కల్లుగీత ఆ కులమునకు పరంపరగా వచ్చిన వృత్తి. బొంబాయి మిల్లు కార్మికుల మేలునకై 1909లో వెలసిన కామగార్ హితవర్ధక సభను నెలకొల్పినవారిలో ఆయన యొకరు. రావుబహద్దూరు బిరుదము కలవారు. సభామర్యాదలలోనే పని సాధింపగోరిన మితవాదులు. 1919 నాటి సంస్కరణల ననుసరించి ఏర్పడిన శాసనసభలలో సభ్యుని తీర్మానము ప్రభుత్వమునకు సిఫారసు మాత్రమే. దానిని మీఱినవానికి శిక్ష లేదు. ఆ కొలది యధికారముతోనే ఆయన 1923 ఆగష్టు 4వ తేదీని బొంబాయి శాసనసభచేత ఒక తీర్మానము నంగీకరింపజేసిరి.

దాని సారాంశ మిది: ప్రజాధనముతో కట్టబడి పోషింపబడునవియు, ప్రభుత్వము నియమించిన సంస్థల పాలనలో నున్నవియు నగు నీటిరేవులను, బావులను, ధర్మశాలలను అంటరానివారనబడు జనులు వాడుకొననీయవలెను, ప్రభుత్వ పాఠశాలలు, న్యాయస్థానములు, కచేరీలు, వైద్యశాలలు వారికిని తెఱచి యుండవలెను.

ఈ వాక్యములలో శాస్త్రచర్చ లేదు. అస్పృశ్యత శ్రుతిసమ్మతమా, స్మృతిసమ్మతమా యని పండితులు తరములుగా వాదించుచు వచ్చిరి. ఆ వాదము ముగియువఱకు దాహముగొన్నవాడు గట్టుమీద నిలిచియుండవలసినదే. ఆ తీర్మానము వేసిన ప్రశ్న వేఱు: ఈ బావి త్రవ్వించిన రూక లెవరివి? పన్ను పుచ్చుకొనునపుడు లేని అంటు నీరు తోడుకొనునపు డెట్లు వచ్చినది? ఈ ప్రశ్నతో నీటి సంగతి దయాధర్మముల కోవనుండి హక్కుల కోవలోనికి వచ్చినది. దయ కలుగుటకు దాత మనస్సు కరగవలెను. హక్కునకు ఆ యక్కఱ లేదు. బోలేగారి పనిలో ముఖ్యమైనది ఇదియేయని నా తలంపు.

ప్రభుత్వము అదే సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీని తన శాఖాధికారులకు తదనుగుణముగా ఆజ్ఞ లిచ్చి, స్థానిక సంస్థలకు సలహా చెప్పవలసినదిగా కలెక్టర్లను కోరెను. నేడు రాయగడ జిల్లా యనబడు ఆనాటి కొలాబా జిల్లాలోని మహాడ్ పురపాలక సంఘము 1924 జనవరిలో చవదార్ చెఱువును అందఱికిని తెఱచితిమని తీర్మానించెను. అటుపై మూడేండ్లు గడచినవి. చెఱువు చుట్టును అగ్రవర్ణములవారి యిండ్లు. అంగడి బేరములకును, సర్కారు పనులకును పల్లెలనుండి వచ్చిన అస్పృశ్యులు మునుపటివలెనే దాహముతో తిరిగిపోవుచుండిరి. సభలో చేయెత్తినవానికి తీర్మానమువలన ఖర్చేమియు లేదు. చెఱువులో దిగువానికి కూలి పోవచ్చును, తల పగులవచ్చును. కాగితమునకును నీటికిని నడుమ నున్న దూర మిది.

బోలేగారు ఈ లోపమును గమనింపకపోలేదు. 1926లో ఆయన మరల ఒక తీర్మానము తెచ్చిరి. మొదటి తీర్మానమును అమలు జరుపని పురపాలక సంఘములకును, స్థానిక బోర్డులకును ప్రభుత్వము ఏటేట ఇచ్చు సహాయద్రవ్యమును నిలిపివేయవలెనని దాని భావము. మొదటిసారి ప్రజాధనము పేర హక్కు నడిగిరి. రెండవసారి ఆ ధనమునే అంకుశముగా పట్టుకొనిరి.

తక్కిన పని సభలో జరుగునది కాదు. 1927 మార్చి 19, 20 తేదీలలో మహాడ్‌లో కొలాబా జిల్లా బహిష్కృత పరిషత్తు అంబేద్కరుగారి యధ్యక్షతను జరిగినది. రెండవనాడు వేలకొలది జనులు బారులు తీఱి చెఱువునకు నడచి, ఆయన వెంట ఆ నీరు త్రాగిరి. వారు వీరేశ్వరాలయమున కూడ ప్రవేశింపనున్నారని వదంతి పుట్టినది. అగ్రవర్ణములవారు గుంపులుగా వచ్చి, ఊరిలో మిగిలియున్న ప్రతినిధులను కొట్టిరి. పిమ్మట పంచగవ్యము నింపిన 108 కడవలతో చెఱువును శుద్ధి చేసిరి. ఆ యేటి ఆగష్టులో పురపాలక సంఘము తన 1924 నాటి తీర్మానమును తానే రద్దుచేసికొన్నది. డిసెంబరు 12వ తేదీని కొందఱు ఆ చెఱువు అగ్రవర్ణముల స్వంతమని దావా వేసి, రెండు దినములలో తాత్కాలిక నిషేధాజ్ఞ పొందిరి. ఆ నెల 25వ తేదీని మరల కూడిన జనులు మనుస్మృతిని దహించిరి. కాని న్యాయస్థానపు టాజ్ఞను మీఱక, నీరు ముట్టకుండ చెఱువు చుట్టును ఊరేగి మరలిరి.

దావా పదేండ్లకు చేరువగా నడచినది. చెఱువు స్వంతమన్న వాదము నిలువలేదు. ఇక మిగిలినది అనాదిగా వచ్చిన ఆచారమను వాదము. అట్టి ఆచారము రుజువు కాలేదని 1937 మార్చి 17వ తేదీని బొంబాయి హైకోర్టు తీర్పు చెప్పెను. ఈ చెఱువు ఎవరిది యను ప్రశ్నయే న్యాయస్థానములోను ముందు నిలిచినదని గమనింపవలెను.

తీర్మానమే లేకున్నచో మహాడ్‌లో నడచినవారిని అల్లరిమూక యని త్రోసివేయుట సులభమై యుండెడిది. వారు నడువకున్నచో తీర్మానము కచేరీ బీరువాలోనే చెదలు పట్టి యుండెడిది. కనుక మొదట చెప్పిన రెండు వాదములును సగమే నిజము.

ఆనాడు తెలుగు జిల్లాలు చేరియున్న మదరాసు రాష్ట్రమున 1938లో ఎం. సి. రాజాగారు తెచ్చిన పౌర అనర్హతల తొలగింపు చట్టము ఈ కోవలోనిదే. అది సిఫారసు కాదు, శాసనము. 1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగపు 15వ అధికరణము, ప్రభుత్వధనముతో పోషింపబడు బావులను, చెఱువులను, స్నానఘట్టములను, రహదారులను వాడుకొనుటకు కులము అడ్డు కాగూడదని విధించినది. బోలేగారి తీర్మానములోని భావమే అచ్చట ప్రాథమిక హక్కయినది. అస్పృశ్యతాపరాధముల చట్టము 1955లో వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టమను పేరు దాల్చినది.

ఇన్ని శాసనము లున్నను, ఊరి కుళాయి వేఱు, వాడ కుళాయి వేఱుగా నున్న పల్లెలు నేటికిని లేకపోలేదు. అట్టిచోట క్రొత్త చట్టముకొఱకు వేచియుండ నక్కఱలేదు. పంచాయతీ లెక్కల పుస్తకము తెఱచి, ఈ కుళాయి యెవరి సొమ్ముతో వేసినారని నలుగురిలో అడుగగల వా డొకడు ఊరిలో నుండవలెను. అడిగినవాని వెంట నడువగలవారు పదిమంది యుండవలెను.