పరిశ్రమకు రేడియో తరంగం.. అడిగితే చాలదు, వాడి చూపాలి

నందిపేట్: మండలంలోని లక్కంపల్లిలో సుమారు 78 ఎకరాల విస్తీర్ణంలో మెగా ఫుడ్ పార్కు ఏర్పాటైంది. ఇటువంటి ప్రాంగణంలోని ఏదైనా సంస్థ తన యంత్రాలను, శీతల గిడ్డంగులను, లారీల కాటాను తీగలు లేకుండా అనుసంధానించుకోదలిస్తే రేడియో తరంగాలు అవసరమవుతాయి. భూమికి, నీటికి, విద్యుత్తుకు ఎవరిని అడగాలో పారిశ్రామికవేత్తలకు తెలుసు. తరంగానికి ఎవరిని అడగాలో, ఎంత అడగవచ్చో, ఇచ్చినదానికి మించి కావాలంటే ఏమి చూపాలో తెలిసినవారు మాత్రం తక్కువే. ఈ అంశం జిల్లా పరిధిలోనిది కాదు. కలెక్టరేట్‌కు గానీ, రాష్ట్ర ప్రభుత్వానికి గానీ ఇందులో అధికారం లేదు. 1952లో ఏర్పాటైన కేంద్ర వైర్‌లెస్ ప్రణాళిక, సమన్వయ విభాగమే పౌను:పున్యాల లెక్క చూసుకుంటుంది.

తరంగాలు ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరి 9న సమాధానమిచ్చింది. బెంగాల్ క్రికెట్ సంఘం కేసులో వెలువడిన ఆ తీర్పు వాటిని ప్రజల ఆస్తిగా పేర్కొంది. ధర్మాసనంలోని ముగ్గురిలో ఒకరైన జస్టిస్ బి.పి.జీవన్‌రెడ్డి గతంలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసినవారే. ప్రజల ఆస్తి గనుక అడిగిన ప్రతివారికీ అడిగినంత ఇవ్వడం కుదరదు. ఆ తరువాతి వివాదాలన్నీ ఈ ఒక్క మాట చుట్టూనే తిరిగాయి.

ఆవరణ కోసం సర్కిల్ మొత్తం

పారిశ్రామిక సంస్థ ఒకటి సొంత అవసరాలకు తరంగాలు కొనుగోలు చేసిన ఉదంతం మన సర్కిల్‌లోనే ఉంది. 2022 జులై 26 నుంచి ఆగస్టు 1 వరకు జరిగిన 5జీ వేలంలో అదానీ గ్రూపునకు చెందిన అదానీ డేటా నెట్‌వర్క్స్ 26 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 400 మెగాహెర్ట్జ్‌ను 212 కోట్ల రూపాయలకు దక్కించుకుంది. గుజరాత్, ముంబయి సర్కిళ్లలో వందేసి, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, రాజస్థాన్ సర్కిళ్లలో యాభయ్యేసి మెగాహెర్ట్జ్ దాని వాటాకు వచ్చాయి. సాధారణ వినియోగదారులకు మొబైల్ సేవలు అందించడం తమ ఉద్దేశం కాదని, విమానాశ్రయాలు, ఓడరేవులు, విద్యుత్ కేంద్రాల వంటి చోట్ల ప్రైవేటు నెట్‌వర్కుల కోసమే పాల్గొంటున్నామని వేలానికి ముందే గ్రూపు ప్రకటించింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 2014లో రాష్ట్రం రెండుగా విడిపోయినా ఈ వేలం నాటికి టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకే సర్కిల్. దాని విస్తీర్ణం సుమారు 2.75 లక్షల చదరపు కిలోమీటర్లు. మరోవైపు 26 గిగాహెర్ట్జ్ తరంగం కొన్ని వందల మీటర్లకు మించి సమర్థంగా ప్రయాణించదు. గోడ అడ్డొచ్చినా బలహీనపడుతుంది. ఒక ఆవరణకు సరిగ్గా సరిపోయే తరంగాన్ని నందిపేట్ నుంచి కృష్ణపట్నం దాకా గల మొత్తం ప్రాంతానికి కలిపి కొనుగోలు చేయవలసి వచ్చింది. మిగిలిన భూభాగంలో ఆ 50 మెగాహెర్ట్జ్‌ను వేరొకరు వాడుకునే వీలు లేదు. ఎకరం మడికి నీరు కావాలన్న రైతుకు కాలువ మొత్తం రాసివ్వడం వంటిదే ఇది.

ఆ కొనుగోలు ఎంతోకాలం నిలవలేదు. 400 మెగాహెర్ట్జ్‌పై గల హక్కులను స్వాధీనం చేసుకునేందుకు అదానీ డేటా నెట్‌వర్క్స్‌తో తామూ, తమ అనుబంధ సంస్థ భారతీ హెక్సాకామ్ ఒప్పందం కుదుర్చుకున్నట్లు 2025 ఏప్రిల్ 22న భారతీ ఎయిర్‌టెల్ ప్రకటించింది. వేలంలో తరంగం పొందినవారు నిర్ణీత గడువులో సేవలు మొదలుపెట్టాలన్న షరతు ఉంటుంది. సొంత ఆవరణలకే పరిమితమైన సంస్థకు సర్కిల్ స్థాయి షరతు భారమే అవుతుంది.

అదనపు కోటా నేర్పిన పాఠం

ఇచ్చినదానికి మించి కోరే దరఖాస్తులను ఎలా తూచాలన్న సమస్య కొత్తది కాదు. 2జీ కాలంలో జీఎస్ఎం ఆపరేటర్లకు తొలుత 4.4 మెగాహెర్ట్జ్, ఆ తరువాత 6.2 వరకు కేటాయించేవారు. అంతకు మించి కావాలంటే చందాదారుల సంఖ్య చూపాలి. సంఖ్య పెరిగిన కొద్దీ మెట్లు మెట్లుగా కోటా పెరిగేది. వినడానికి న్యాయంగానే ఉన్న ఈ పద్ధతిలో లోపాలు త్వరలోనే బయటపడ్డాయి. అమ్ముడైన సిమ్‌లన్నీ మోగే ఫోన్లు కావు. అందువల్ల నెట్‌వర్కులో నిజంగా కనిపిస్తున్న ఫోన్లనే లెక్కలోకి తీసుకోవలసి వచ్చింది. పైగా రద్దీ అంతా హైదరాబాద్‌లో ఉంటే, లెక్క మాత్రం సర్కిల్ మొత్తానిది. నందిపేట్‌లో చేరిన చందాదారు, హైదరాబాద్‌లో చేరిన చందాదారు కాగితంపై సమానమే. రాజధానిలో ఇరుకు తీర్చేందుకు ఇచ్చిన అదనపు తరంగం గోదావరి గట్టుపై ఖాళీగా ఉన్నా అడిగే నాథుడు లేడు.

ఉన్న తరంగాన్ని మరింత పొదుపుగా వాడవచ్చని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007 ఆగస్టులో సూచించింది. టెలికాం ఇంజినీరింగ్ కేంద్రం సిఫార్సుల తరువాత 2008 జనవరిలో చందాదారుల మెట్లను ప్రభుత్వం బాగా పెంచింది. టవర్లు దగ్గరగా వేసి, సాంకేతికతను మెరుగుపరిచి, ఆ తరువాతే అదనం అడగాలన్నది దాని సారాంశం. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దు చేయడంతో ముందు వచ్చినవారికి ముందు అన్న విధానానికి తెరపడింది. అదే ఏడాది నవంబరులో కేంద్ర మంత్రివర్గం పాత ఆపరేటర్ల వద్ద 6.2 మెగాహెర్ట్జ్‌కు మించి ఉన్నదానిపై 2008 జులై నుంచి లెక్కగట్టి ఏకకాల రుసుము వసూలుకు నిర్ణయించింది. సహజ వనరులన్నింటికీ వేలం ఒక్కటే మార్గం కాదని 2012 సెప్టెంబరు 27న రాష్ట్రపతి నివేదనపై సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వేలం లేకుండా పరిశ్రమలకు ఇవ్వవచ్చునన్న వాదనకు బలం అక్కడినుంచే వచ్చింది.

రైలుకు వేరే దారి

అదనపు కోరికను పరిశీలించే పద్ధతికి రైల్వే మంచి ఉదాహరణ. 2021 జూన్ 9న కేంద్ర మంత్రివర్గం రైల్వేకు 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 5 మెగాహెర్ట్జ్ కేటాయించింది. వేలం లేదు. సొంత వినియోగానికి వర్తించే సూత్రం ప్రకారం రాయల్టీ, లైసెన్సు రుసుము చెల్లించాలి. రైళ్లు ఢీకొనకుండా నిరోధించే కవచ్ వ్యవస్థకు తోడ్పడటం దీని లక్ష్యాల్లో ఒకటి. ఆ కవచ్‌ను 2022 మార్చి 4న దక్షిణ మధ్య రైల్వేలోని గుల్లగూడ, చిట్గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి సమక్షంలో పరీక్షించారు. ఆ 5 చాలదని రైల్వే మరో 5 కోరగా, ట్రాయ్ 2025లో సంప్రదింపుల పత్రం వెలువరించి అన్ని పక్షాల అభిప్రాయాలు స్వీకరించింది. అవసరం ఏమిటి, ఉన్నదానితో ఎందుకు సరిపోదు, ఇతరులతో పంచుకోవచ్చా అన్నవే అక్కడి ప్రశ్నలు. కర్మాగారానికైనా ఇవే వర్తించాలి.

నాలుగు మార్గాలు

ప్రైవేటు నెట్‌వర్కులకు 2022 జూన్ 27న టెలికాం శాఖ మార్గదర్శకాలు జారీ చేసింది. వాటి ప్రకారం పరిశ్రమకు నాలుగు దారులున్నాయి. టెలికాం సంస్థ తన నెట్‌వర్కులోనే కొంత భాగాన్ని ప్రత్యేకించి ఇవ్వవచ్చు. లేదా ఆవరణలో విడిగా నెట్‌వర్కు నిర్మించి ఇవ్వవచ్చు. మూడోది, ఆ సంస్థ నుంచి తరంగాన్ని లీజుకు తీసుకుని పరిశ్రమే నెట్‌వర్కు నడుపుకోవడం. నాలుగోది, నేరుగా ప్రభుత్వం నుంచే పొందడం. లైసెన్సు కాలం పదేళ్లు, దరఖాస్తు రుసుము 50 వేల రూపాయలుగా నిర్ణయించారు. ప్రవేశ రుసుము లేదు.

వివాదమంతా నాలుగో దారిపైనే. నేరుగా కోరే సంస్థల అవసరాలను అంచనా వేసేందుకు టెలికాం శాఖ 2022 ఆగస్టులో వివరాలు ఆహ్వానించింది. అందుకు నికర విలువ 100 కోట్ల రూపాయలకు పైగా ఉండాలన్న నిబంధన పెట్టింది. వేలంలో వేల కోట్లు పోసి కొన్న తమ వ్యాపారాన్ని ఇది దెబ్బతీస్తుందని టెలికాం సంస్థలు అభ్యంతరం తెలిపాయి. 2010 నాటి 3జీ వేలంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌కు 5 మెగాహెర్ట్జ్ ధర సుమారు 1,373 కోట్లు పలికిందన్నది గుర్తుంచుకుంటే ఆ అభ్యంతరం అర్థమవుతుంది. అయితే టవరు సిగ్నలు సరిగా అందని మండలంలోని కర్మాగారం ఆ సంస్థ దయపైనే ఆధారపడాలా అన్న ప్రశ్నలోనూ న్యాయముంది.

2023 డిసెంబరులో ఆమోదం పొందిన టెలికమ్యూనికేషన్స్ చట్టం వేలాన్ని సాధారణ పద్ధతిగా ఉంచి, మొదటి షెడ్యూలులోని 19 అంశాలకు పరిపాలనాపరమైన కేటాయింపును అనుమతించింది. ఆహార శుద్ధి, చక్కెర పరిశ్రమల వంటివి పేరు పెట్టి అందులో లేవు. అదే చట్టంలోని ఏడో సెక్షన్ కీలకమైనది. కేటాయించిన తరంగం తగిన కారణం లేకుండా నిర్ణీత కాలం వాడకుండా ఉంటే, వాదన వినిపించుకునే అవకాశమిచ్చిన పిదప పూర్తిగా గానీ, కొంత గానీ ప్రభుత్వం వెనక్కి తీసుకోవచ్చు.

చిన్న పరిశ్రమకు చాలినంత

వంద కోట్ల నికర విలువ లేని చిన్న శుద్ధి కేంద్రాలకు లైసెన్సు అక్కరలేని బ్యాండ్లు ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్‌లో వైఫై నడుస్తుంది. 5 గిగాహెర్ట్జ్ పరిధిని 2018లో విస్తరించారు. 865 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోని బ్యాండు గిడ్డంగిలో తేమ, ఉష్ణోగ్రత తెలిపే సెన్సర్ల వంటి స్వల్ప సమాచారానికి అనువైనది. అయితే వీటిలో పక్కవారి పరికరం వల్ల అంతరాయం కలిగినా రక్షణ కోరే హక్కు ఉండదు.

చెరకు యార్డులో గానీ, గోదాములో గానీ వాడే వాకీటాకీల విషయంలో జాగ్రత్త అవసరం. 2018 నిబంధనల ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి సెట్లకే లైసెన్సు మినహాయింపు ఉంది. ఆన్‌లైన్‌లో లభించేవన్నీ ఆ కోవలోకి రావు. ఫ్రీక్వెన్సీ వివరాలు, పరికర ఆమోద ధ్రువపత్రం లేకుండా విక్రయిస్తున్న ఈ-కామర్స్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో నోటీసులు జారీ చేసింది. కొనేముందు పెట్టెపై ఫ్రీక్వెన్సీ చూసుకోవడం, ధ్రువపత్రం ప్రతిని విక్రేత నుంచి తీసుకోవడం కొనుగోలుదారు పని.