కామాఠీపురా ఓటు: ముంబయి తెలుగు చాళ్ళ ఎన్నికల చరిత్ర

ముంబయి తెలుగువారి చరిత్రను ఇంతవరకు వలస చరిత్రగానో, కూలి చరిత్రగానో, కుల సంఘాల చరిత్రగానో రాస్తూ వచ్చారు. ఈ మూడూ అవసరమే. కాని ఈ మూడింటిలోనూ కనిపించని మనిషి ఒకడున్నాడు. అతడు ఓటరు. కామాఠీపురా సందుల్లో, వర్లీ, నాయగావ్ చాళ్ళలో తరతరాలుగా నివసించిన తెలుగు కార్మికుడికి ఓటు ఎప్పుడు వచ్చింది, ఆ ఓటు ఏ నియోజకవర్గంలో ఎవరి ఓట్లతో కలిసింది, అతని భాషకు ఆ లెక్కలో చోటు దక్కిందా అనే ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాం.

ముందుగా ఊరిపేరు. 'కామాఠీ' అన్న మాటను 'కమతం'తో ముడిపెట్టడం పరిపాటి. కమతగాడు అంటే మరొకరి పొలంలో పాటుపడేవాడు. 1784 ప్రాంతంలో హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట పూర్తయ్యాక బొంబాయి దీవుల మధ్య పల్లపు నేలలు ఆరి నివాసయోగ్యమయ్యాయి. అలా తేలిన నేలమీద, పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచి నిజాం రాజ్యపు తెలుగు జిల్లాల నుంచి వచ్చిన రాళ్ళపని, మట్టిపని వారు స్థిరపడ్డారు. పేట వారి పేరునే ధరించింది. తరువాత మిల్లులు వచ్చినప్పుడు పద్మశాలీలు పరేల్, వర్లీ, ప్రభాదేవి వైపు విస్తరించారు. నేడు బయటి ప్రపంచానికి కామాఠీపురా అనగానే ఒకే ఒక వ్యాపారం గుర్తుకు వస్తుంది. ఆ వ్యాపారం కంటే ముందే పేటకు పేరు పెట్టిన వారు మాత్రం గుర్తుకు రారు.

పన్ను చెల్లించేవారి యుగం

బొంబాయి పురపాలనలో ఎన్నిక అనేది 1872 చట్టంతో మొదలయింది. 1888 చట్టం ప్రకారం కార్పొరేషన్‌లో 72 మంది సభ్యులు. వారిలో 36 మందిని వార్డుల వారీగా పన్ను చెల్లింపుదారులు ఎన్నుకునేవారు. అంటే ఓటు ఆస్తికి నీడ. తెలుగువారిలో దాన్ని అందుకోగలిగినవారు గుత్తేదార్లు. మహాత్మా జోతిబా ఫూలే 1873 సెప్టెంబరు 24న స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారు వీరే. రామయ్య వెంకయ్య అయ్యవారు, వెంకు బాలాజీ కాళేవార్, జయా కరాడీ లింగు, నర్సింగరావు సాయబు వడ్నాల వంటి పేర్లు ఆ సమాజ చరిత్రలో కనిపిస్తాయి. 'దీనబంధు' పత్రిక 1880లో పూనా నుంచి బొంబాయికి మారి, నారాయణ మేఘాజీ లోఖండే చేతుల్లో మిల్లు కార్మికుల గొంతు అయినప్పుడు దాని వెనుక అయ్యవారి చేయూత ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఫూలే అనుచరులైన ఈ తెలుగు పెద్దలు తమను తెలుగువారుగా కాక శూద్ర సమాజంలో భాగంగా నిలుపుకున్నారు. వారి సభలు, పత్రికలు మరాఠీలో సాగాయి. ముంబయి తెలుగువాడు రాజకీయంలో అడుగుపెట్టిన ద్వారం భాష కాదు, కులమూ శ్రమా. తరువాతి నూరేళ్ళలో ఈ ద్వారం పెద్దగా మారలేదన్నది మా అభిప్రాయం.

1922 సవరణతో పురపాలక ఓటు నెలకు పది రూపాయల అద్దె చెల్లించేవారికి విస్తరించింది. యజమాని చేతిలోని ఓటు అద్దెదారు దాకా దిగింది. కాని ఒక్క గదిని ఇద్దరు ముగ్గురు పంచుకొని బతికే మట్టిపని కూలీకి ఆ పది రూపాయల గీత దాటరానిదే. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ 1920లలో కట్టిన బి.డి.డి. చాళ్ళు వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో వెలిశాయి. మొత్తం 207 భవనాలు, ఒక్కో గది సుమారు 160 చదరపుటడుగులు. తెలుగు కుటుంబాలు చాలా ఈ గదులకు చేరుకున్నాయి. అలా తెలుగు బొంబాయి ఒక్కచోట కుదురుకోక, దక్షిణాన కామాఠీపురా, ఉత్తరాన మిల్లుల చాళ్ళు అని రెండుగా చీలింది. ఎన్నికల చరిత్రకు ఈ చీలికే మూలసూత్రం.

1937, 1952: ఒకే నాయకుడు, రెండు ఓటు పద్ధతులు

1935 చట్టం కింద 1937లో జరిగిన ఎన్నికల్లో డాక్టర్ అంబేద్కర్ బైకుల్లా-పరేల్ నియోజకవర్గం నుంచి ఇండిపెండెంట్ లేబర్ పార్టీ తరఫున పోటీచేశారు. ఇది పురపాలక లెక్కలో 'ఇ', 'ఎఫ్' వార్డుల ప్రాంతం. కామాఠీపురా 'ఇ' వార్డులోనిది. రిజర్వు స్థానానికి ఆయన ప్రత్యర్థి కాంగ్రెసు నిలబెట్టిన ప్రఖ్యాత క్రికెట్ ఆటగాడు పల్వంకర్ బాలూ. అంబేద్కర్‌కు 13,245, బాలూకు 11,225 ఓట్లు వచ్చాయి. అప్పటి బొంబాయి పద్ధతిలో ఒక సౌలభ్యం ఉండేది. ఒకటికంటే ఎక్కువ స్థానాలున్న చోట ఓటరు తన ఓట్లన్నిటినీ ఒకే అభ్యర్థికి గుమ్మరించవచ్చు. సంఖ్యలో తక్కువై, పట్టుదలలో ఎక్కువైన వర్గానికి ఇది పెద్ద ఆయుధం.

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో బొంబాయి కార్పొరేషన్‌కు వయోజన ఓటుతో ఎన్నిక జరిగింది. కామాఠీపురా సందుల్లో తట్ట మోసే మనిషి, చాలు గదిలో బీడీలు చుట్టే ఆడమనిషి ఓటర్లు అయింది అప్పుడే. వారి స్వస్థలమైన నిజాం రాజ్యంలో ఆ ఏడే పోలీసు చర్య జరిగింది. అక్కడ వయోజన ఓటు 1952 సార్వత్రిక ఎన్నికల దాకా రాలేదు. అంటే కరీంనగర్ నుంచి, నల్లగొండ నుంచి వలస వచ్చినవాడు ఊళ్ళో ఉన్న అన్నకంటే ముందే పరాయి ఊళ్ళో ఓటు చూశాడు.

ఆ 1952 ఎన్నికల్లోనే నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూను మించిన ఓట్లతో లోక్‌సభకు వెళ్ళారు. అదే ఎన్నికల్లో ఉత్తర బొంబాయి నగర స్థానంలో అంబేద్కర్ ఓడిపోయారు. అది ఇద్దరు సభ్యుల స్థానం. జనరల్ స్థానాన్ని కాంగ్రెసుకు చెందిన వి.బి. గాంధీ గెలవగా, రిజర్వు స్థానంలో నారాయణ సదోబా కాజ్రోల్కర్‌కు 1,38,137, అంబేద్కర్‌కు 1,23,576 ఓట్లు వచ్చాయి. ఓట్ల తేడా పద్నాలుగు వేల చిల్లర. చెల్లకుండా పోయిన ఓట్లు మాత్రం 74,333. కొత్త చట్టంలో ఓటరు తన రెండు ఓట్లనూ వేర్వేరు అభ్యర్థులకే వేయాలి. ఒకరికే వేస్తే రెండోది చెల్లదు. ఓట్లను వృథా చేయమని కమ్యూనిస్టులు ప్రచారం చేశారని ఆరోపిస్తూ అంబేద్కర్, అశోక్ మెహతా ట్రిబ్యునల్‌కు వెళ్ళారు. ఆ పిటిషన్ నెగ్గలేదు. 1937లో ఆయుధమైన పద్ధతి 1952లో నేరం కాకపోయినా నిరుపయోగమైంది. చిన్న వర్గాల ఓటుకు ఎంత బలం ఉంటుందన్నది వారి ఐకమత్యంపైనే కాక, ఓటు లెక్కించే నియమంపై కూడా ఆధారపడి ఉంటుందని ఈ రెండు ఎన్నికలూ నేర్పుతాయి. ముంబయి తెలుగువారికి ఈ పాఠం ప్రత్యేకంగా వర్తిస్తుంది.

భాషారాష్ట్రాల కాలం

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. అదే రోజున ద్విభాషా బొంబాయి రాష్ట్రం కూడా ఏర్పడింది. చాళ్ళలోని తెలుగువాడి ఊరు భాషారాష్ట్రంలోకి వెళ్ళింది. అతడు బతికే నగరం మాత్రం భాషారాష్ట్రం కోసం పోరాటంలో ఉంది. ఆ పోరాటంలో అతడు ఎటు నిలవాలి?

ఇందుకు రెండు సమాధానాలు వచ్చాయి. మొదటిది సాయాజీ లక్ష్మణ్ శీలం జీవితంలో కనిపిస్తుంది. బొంబాయి తెలుగు సమాజం నుంచి వచ్చిన ఈ కాంగ్రెసు నాయకుడు 1956 నవంబరులో బొంబాయి శాసనసభాధ్యక్షుడయ్యారు. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడినప్పుడు ఆ రాష్ట్రానికి తొలి శాసనసభాధ్యక్షుడిగా 1962 వరకు కొనసాగారు. 1963 నుంచి 1968 వరకు పాండిచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరుగా పనిచేశారు. తెలుగు యానాం కూడా ఆ పాలనలోని భాగమే. మరాఠీ రాష్ట్రపు తొలి సభాపతి పీఠం మీద ఒక తెలుగు ఇంటిపేరు ఉండటం మన చరిత్రకారుల దృష్టికి రావలసినంతగా రాలేదు.

రెండో సమాధానం మిల్లులది. 1928 సమ్మెలో పుట్టిన గిర్నీ కామ్‌గార్ యూనియన్ నాయకుడు ఎస్.ఎ. డాంగే 1957లో సంయుక్త మహారాష్ట్ర సమితి అభ్యర్థిగా మధ్య బొంబాయి నగర స్థానం నుంచి గెలిచారు. దానిలోని రిజర్వు స్థానంలో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు చెందిన జి.కె. మానే గెలిచారు. అంబేద్కర్, కమ్యూనిస్టుల మధ్య 1952లో ఉన్న వైరం ఐదేళ్ళలో సమితి గొడుగు కింద సర్దుకుంది. 1962లో డాంగే ఓడిపోయారు, 1967లో దక్షిణ మధ్య బొంబాయి ప్రాంతం నుంచి మళ్ళీ గెలిచారు. తెలుగు పెద్దలకు శాసనసభాపతి పీఠం, తెలుగు కార్మికులకు ఎర్రజెండా అన్న ఈ విభజన ఒకే సమాజంలోని ఆర్థిక అంతరానికి అద్దం.

శివసేన, పాంథర్లు, సమ్మె

1966 జూన్ 19న శివసేన పుట్టింది. దాని తొలి ప్రచారం దక్షిణాది ఉద్యోగులపై. కామాఠీపురా తెలుగువాడు దక్షిణాది వాడే. కాని అతడు గుమాస్తా కాదు, కూలీ. మరాఠీ మాట్లాడతాడు, గణపతిని నిలబెడతాడు, ఇంటిపేరు మరాఠీలాగే పలుకుతుంది. అందుచేత ఆ ప్రచారపు దెబ్బ ఆఫీసుల్లోని వారి మీద పడినంతగా చాళ్ళలోని వారి మీద పడలేదని చెప్పవచ్చు. సేన అసలు గురి మిల్లు పేటల్లోని ఎర్రజెండా. పరేల్ శాసనసభ్యుడు, కమ్యూనిస్టు నాయకుడు కృష్ణా దేశాయ్ 1970 జూన్‌లో హత్యకు గురయ్యారు. ఆ ఏడు జరిగిన ఉపఎన్నికలో ఆయన భార్య సరోజినీ దేశాయ్‌పై వామన్ మహాడిక్ గెలిచి శివసేన తొలి శాసనసభ్యుడయ్యారు.

1974 జనవరిలో మధ్య బొంబాయి లోక్‌సభ ఉపఎన్నిక వచ్చింది. దళిత పాంథర్లు బహిష్కరణకు పిలుపునిచ్చారు. వర్లీ బి.డి.డి. చాళ్ళ మైదానంలో వారి సభపై దాడి జరగడంతో అల్లర్లు చెలరేగాయి. ఎన్నికలో డాంగే కుమార్తె రోజా దేశ్‌పాండే గెలిచారు. ఒక ఉపఎన్నిక ఫలితాన్ని ఓటు వేయడం ద్వారానే కాక, వేయకపోవడం ద్వారా కూడా మార్చవచ్చని చాళ్ళు చూపిన సందర్భం ఇది.

1977లో కొత్త రూపు దిద్దుకున్న దక్షిణ మధ్య బొంబాయి స్థానం నుంచి రిపబ్లికన్ నాయకుడు బి.సి. కాంబ్లే గెలిచారు. 1980లో ఆర్.ఆర్. భోలే కాంగ్రెసు తరఫున గెలిచారు. ఈయన 1937లో అంబేద్కర్ పార్టీ నుంచే పూనా ప్రాంత శాసనసభ్యుడు. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె లక్షల కుటుంబాలను వీధిన పడేసింది. 1984లో దేశమంతా కాంగ్రెసు గాలి వీచినా ఈ స్థానం నుంచి సమ్మె నాయకుడు దత్తా సామంత్ స్వతంత్రుడిగా గెలిచారు. ఓడిన సమ్మెకు దక్కిన గెలుపు అదొక్కటే. 1989లో, పరేల్‌లో తొలిసారి నెగ్గిన అదే వామన్ మహాడిక్ ఇక్కడ లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1991 నుంచి 2004 దాకా వరుసగా ఐదు ఎన్నికల్లో శివసేనకు చెందిన మోహన్ రావలే గెలిచారు. మిల్లు పోయింది, యూనియన్ పోయింది, శాఖ మిగిలింది. కుళాయి, మరుగుదొడ్డి, ఆస్పత్రి పడక వంటి నిత్యావసరాలకు చాలు మనిషి ఎవరి దగ్గరకు వెళ్ళగలడో, ఓటు కూడా అటే నడిచింది.

గీతలు, పేర్లు

2008 పునర్విభజన పాత గీతల్ని చెరిపివేసింది. ఇప్పుడు కామాఠీపురా ముంబాదేవి శాసనసభ స్థానంలోనిది. అది, వర్లీ, బైకుల్లా దక్షిణ ముంబయి లోక్‌సభ స్థానంలోకి వచ్చాయి. దక్షిణ మధ్య ముంబయి అన్న పేరు ఉత్తరాన ధారావి, వడాలా, చెంబూర్ వైపు జరిగింది. నాయగావ్ తెలుగువారు దానితో వెళ్ళారు. దక్షిణ ముంబయిలో 2009లో మిలింద్ దేవరా, 2014, 2019, 2024లలో అరవింద్ సావంత్ గెలిచారు. మలబార్ హిల్ బంగళాలూ కామాఠీపురా గదులూ నేడు ఒకే సభ్యుణ్ణి పంపుతాయి.

గీతలతో పాటు పేర్లను కూడా చూడాలి. తెలుగు సంప్రదాయంలో ఇంటిపేరు ముందుంటుంది. ముంబయిలో అది చివరికి జరిగి, మధ్యలో తండ్రి పేరు చేరింది. 'శీలం' మనిషి 'సాయాజీ లక్ష్మణ్ శీలం' అయ్యాడు. 'వారు' అన్న గౌరవవాచకం 'వార్'గా కుదించుకొని మరాఠీ ఇంటిపేరులో కలిసిపోయింది. వెంకయ్య 'వ్యంకయ్య' అయ్యాడు. ఓటర్ల జాబితాను పేర్లను బట్టి చదివి 'ఇంతమంది తెలుగువారు' అని లెక్కకట్టేవారు ఈ మార్పులను తెలుసుకోకపోతే సగం మందిని పోగొట్టుకుంటారు.

ఈ పరిశీలన వల్ల తేలేది ఇది. ముంబయి తెలుగు చాళ్ళు ఎన్నడూ తెలుగు ఓటుగా ఓటు వేయలేదు. అద్దెదారుగా, నేతగాడుగా, దళితుడుగా, సమ్మెదారుగా ఓటు వేశాయి. దీన్ని భాషాభిమాన లోపంగా చూడడం పొరపాటు. రెండు నియోజకవర్గాల్లో చెదరి ఉన్న జనానికి భాష మీద కూటమి కట్టే అవకాశాన్ని గీతలే ఇవ్వలేదు. పక్కగదివాడితో కలిసి గెలవడమే వారికి అందుబాటులో ఉన్న రాజకీయం. దానిని వారు నూరేళ్ళకు పైగా నిపుణతతోనే నడిపారు.

నేడు బి.డి.డి. చాళ్ళు కూలుతున్నాయి, వాటి స్థానంలో బహుళ అంతస్తులు లేస్తున్నాయి. కామాఠీపురా పునర్నిర్మాణ పథకం కూడా ముందుకు సాగుతోంది. చాలు కూలినప్పుడు గోడతో పాటు అద్దె రసీదుల పెట్టె, సంఘం మినిట్స్ పుస్తకం, పాత ఓటరు చీటీ కూడా పోతాయి. ఇంటి హక్కును నిరూపించుకోవడానికి ఆ కాగితాలే నేడు ఆ కుటుంబాలకు ఆధారం. తెలుగు పరిశోధకుడికీ అవే ఆధారం. ఇక్కడ బతుకు అవసరమూ చరిత్ర అవసరమూ ఒక్కటే అయ్యాయి. కొత్త ఇళ్ళ తాళాలు అందేలోగా ఆ పెట్టెలు తెరిచి, నకళ్ళు తీసి, పెద్దల చేత పేర్లు చెప్పించుకొని రాసుకోవడం తెలుగు శాఖలు వెంటనే చేపట్టవలసిన పని.