సరిహద్దు దాటిన లెక్క

పాలవాడి లెక్క కేలెండరు మీద గీతలు పెట్టడం మానేసి సెల్‌ఫోనులోకి ఎక్కించిన మొదటి నెల మా ఇంట్లో పెద్ద రభసే జరిగింది. ఒక పూట రాస్తే రెండు పూటలు మరిచాను! ఇంట్లోనే ఇంత యాతనైతే దేశం అలవాటు మార్చడం మాటలా?

హైదరాబాదు నుంచి షోలాపూర్ వెళ్ళే దారిలో, జహీరాబాదు దాటాక, కర్ణాటక అంచున ఉంటుంది చిరాగ్‌పల్లి. లారీవాళ్ళకి ఆ పేరంటే చెక్‌పోస్టే. సరుకు కాగితాలు చూపించందే బండి కదిలేది కాదు. 2017 జులైలో జి.ఎస్.టి. వచ్చింది, పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. రూ.50,000 దాటిన సరుకుకి కంప్యూటరులో పుట్టే ఈ-వే బిల్లు పెట్టారు.

2018 ఫిబ్రవరి 1న దేశమంతటా ఒక్కసారే మొదలెట్టారు. ఆ రోజే అది కాస్తా మొరాయించింది! పంతానికి పోకుండా అదే రోజు వాయిదా వేశారు. ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రాల మధ్య సరుకుకి, 15 నుంచి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల లోపలి సరుకుకి, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కించారు. పక్కనున్న కర్ణాటక 2017 సెప్టెంబరులోనే వాడి చూసుకుంది మరి!

సరిహద్దులో లారీ ఆగకపోతే, ఇంటి దగ్గర డ్రైవరు భార్యకి ఎదురుచూపులు కాస్త తగ్గినట్టే కదా.

నేనూ రెండో నెల గీతలూ, ఫోనులో అంకెలూ రెండూ రాశాను. మూడో నెలకి గీతలతో పని పడలేదు. చిరాగ్ అంటే ఉర్దూలో దీపం. మొదటి పుల్ల ఆరిపోయిందని అగ్గిపెట్టె పారేస్తామా చెప్పండి?