అన్నప్రాశనకు తగిన వేళ

శిశువునకు తొలిముద్ద ఎప్పుడు పెట్టవలెను? ఈ ప్రశ్న ప్రతి యింటిలోను పుట్టును. అమ్మమ్మ ఒక మాట చెప్పును. పొరుగింటి ఇల్లాలు వేరొక మాట చెప్పును. అంగడిలో కొన్న డబ్బాపై మరియొక మాట అచ్చుపడి యుండును. చూచుటకు చిన్న ప్రశ్నయే గాని, దీని వెనుక పెద్ద చరిత్ర కలదు. ఆ చరిత్రలో మన హైదరాబాదు నగరమునకు కొంత భాగమున్నది.

మన పూర్వులు ఈ విషయమును తేలికగా విడువలేదు. ఆశ్వలాయన గృహ్యసూత్రము అన్నప్రాశనకు ఆరవ నెలను విధించినది. సుశ్రుత సంహిత కూడ ఆరవ నెలలోనే తేలికైన, హితమైన అన్నమును పెట్టుమన్నది. కాశ్యప సంహిత ఆరవ నెలలో పండ్లను, పదవ నెలలో అన్నమును చెప్పినది. తెలుగు ఇండ్లలో మగపిల్లలకు సరి నెలను, ఆడపిల్లలకు బేసి నెలను చూచు ఆచారమున్నది. శిశువు జీర్ణకోశమునకు మాత్రము ఈ సరి బేసి భేదము తెలియదు.

పాశ్చాత్య దేశములలో ఈ గడువు చాలకాలము ఊయలవలె ఊగినది. ఇరువదవ శతాబ్ది మధ్యభాగమున డబ్బా ఆహారములు ప్రబలినవి. ఎంత త్వరగా పెట్టిన అంత బలమని పలువురు తలచిరి. అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన వాల్టర్ సాకెట్ అను వైద్యుడు 1953లో ప్రకటించిన వ్యాసమున రెండు మూడు దినముల శిశువునకే ధాన్యపు జావ పెట్టవచ్చునని వాదించెను! క్రమముగా ఆ అభిప్రాయము వెనుకకు పోయినది. 1979లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి జరిపిన సమావేశము నాలుగు మొదలు ఆరు నెలల వరకు తల్లిపాలే చాలునన్నది. అనేక దేశముల పరిశీలనలను పోల్చి చూచిన తరువాత, 2001లో ప్రపంచ ఆరోగ్య సభ ఆరు నెలలు నిండువరకు తల్లిపాలు మాత్రమే ఇచ్చి, ఆపై పాలు మానక తగిన ఆహారమును చేర్చవలెనని తీర్మానించినది. 2023లో వెలువడిన మార్గదర్శకములును ఆరవ నెలనే నిలిపినవి.

ఇక మన నగరమునకు వత్తము. 1918లో రాబర్ట్ మెక్కారిసన్ నీలగిరులలోని కూనూరులో, పాస్టర్ సంస్థలోని ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించెను. ఆ గదియే పెరిగి పోషకాహార పరిశోధనశాల అయినది. 1958లో హైదరాబాదులోని తార్నాకకు తరలివచ్చినది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అను పేరు పొందినది. అక్కడ సి. గోపాలన్, ఆయన సహచరులు పాలు మరచు వయసు పిల్లల క్షీణతను శ్రద్ధగా పరిశీలించిరి. కాళ్ళు ఉబ్బు క్వాషియోర్కర్ వ్యాధికి మాంసకృత్తుల లోపమే కారణమని ఆనాడు లోకమంతయు నమ్ముచుండెను. ఆ వ్యాధి వచ్చిన పిల్లల తిండికిని, ఎండి శల్యమైన పిల్లల తిండికిని చెప్పదగిన భేదము లేదని 1968లో గోపాలన్ వ్రాసెను. పిల్లలకు మొదట చాలనిది మొత్తము ఆహారమే. 1973లో ప్రకటితమైన ప్రయోగములో పల్లె పిల్లలకు దినమునకు 310 కిలో కాలరీలు, 3 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారమును 14 నెలలు అదనముగా ఇచ్చిరి. పిల్లలు ఎత్తులోను బరువులోను మెరుగుగా పెరిగిరి.

ఈ సంస్థ రూపొందించిన ‘హైదరాబాద్ మిక్స్’ అను పిండి దేశమంతట పేరు పొందినది. గోధుమలు 40 గ్రాములు, సెనగపప్పు 16, వేరుసెనగలు 10, బెల్లము 20: ఇంతే. వేయించి పొడిచేసిన ఈ 86 గ్రాములలో సుమారు 330 కిలో కాలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు లభించును. పేద యింట దొరకు వస్తువులతోనే శిశువును పోషింపవచ్చునని ఇది నిరూపించినది.

ఆరు నెలలనుటకు ఆధారమేమి? నిండు నెలలతో పుట్టిన శిశువు తల్లి గర్భమునుండి ఇనుమును కొంత నిలువచేసికొని వచ్చును. ఆ నిలువ సుమారు ఆరు నెలలలో తరుగును. తల్లిపాలలో ఇనుము స్వల్పము. ఆరు నెలల తరువాత శక్తి అవసరము కూడ పాలను మించును: 6-8 నెలల శిశువునకు పాలుగాక దినమునకు సుమారు 200 కిలో కాలరీలు కావలెను. మరొక ప్రక్క, పిండి పదార్థమును జీర్ణముచేయు క్లోమరసపు ఎంజైము తొలి నెలలలో మిక్కిలి తక్కువ. కనుక తొందరపడిన పాలు తగ్గును, అతిసారము రావచ్చును; ఆలసించిన రక్తహీనత వచ్చును.

శిశువు సిద్ధమైన గుర్తులు మూడు. మొదటిది, ఆధారముతో కూర్చుండి మెడను నిలకడగా నిలుపుట. రెండవది, నోట పెట్టినదానిని నాలుకతో వెలికి నెట్టు ప్రతిచర్య తగ్గుట. మూడవది, కంచమువైపు చూచి, చేయి చాచి, నోరు తెరచుట. పిడికిలి చీకుట, రాత్రి మేల్కొనుట మాత్రము సిద్ధమైన గుర్తులు కావు. నెలలు నిండక పుట్టిన బిడ్డ విషయమున వైద్యుని అడుగవలెను.

తార్నాక నగరమునకు తూర్పున నుండగా, పడమట మాదాపురములో 1998 నవంబరు 22న సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైనది. దాని చుట్టు హైటెక్ సిటీ పెరిగినది. అచ్చటి ఉద్యోగినికి ఈ ఆరు నెలల లెక్క ప్రతి దినపు సమస్య. 2017 సవరణ చట్టము వేతనముతో కూడిన ప్రసూతి సెలవును 12 వారములనుండి 26 వారములకు పెంచినది. ఇరువదియారు వారములనగా ఆరు నెలలే! కాని అందులో 8 వారములు కాన్పునకు ముందే వాడుకొన్న తల్లికి తరువాత మిగులునవి 18 వారములు, అనగా నాలుగు నెలలు. అప్పటికి శిశువు మెడ నిలిపియుండవచ్చును, క్లోమము సిద్ధపడియుండదు. తల్లి పనికి పోవలెను గనుక బిడ్డకు జావ మొదలుపెట్టుదమను ఆలోచన ఇక్కడనే పుట్టును. పిండి తీసియుంచిన తల్లిపాలు ఈ రెండు నెలల ఎడమును పూడ్చగలవు. ఏబదిమంది లేక అంతకు మించిన ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణాలయము ఏర్పరచవలెననియు, తల్లి దినమునకు నాలుగు మారులు బిడ్డను చూడవచ్చుననియు ఆ చట్టమే చెప్పినది. శరీరపు గడువును కార్యాలయపు గడువుతో కలుపుటకు ఈ ఏర్పాటే వంతెన.

ఆలస్యము కూడ తక్కువ దోషము కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 6-8 నెలల శిశువులలో తల్లిపాలతోపాటు ఘనాహారము అందుచున్నది సుమారు 46 శాతమునకే. 6-23 నెలల పిల్లలలో చాలినంత, తగినంత వైవిధ్యముగల ఆహారము అందుచున్నది సుమారు 11 శాతమునకే. వేళ తెలిసిన చాలదు. గిన్నెలో నున్నదేమో కూడ చూడవలెను. పలుచని జావతో కడుపు నిండును గాని శక్తి చాలదు; చిక్కగా కాచినచో శిశువు మింగలేదు.

ఈ చిక్కునకు ఒక పరిష్కారమును తరగతిలోనే చూపవచ్చును. రాగిపిండితో చిక్కని జావ కాచి రెండు గిన్నెలలో పోయుడు. గోరువెచ్చగా నున్నప్పుడు ఒకదానిలో మొలకెత్తించి ఎండబెట్టిన రాగుల పిండి ఒక చెంచా కలుపుడు. కొద్ది నిమిషములలో ఆ గిన్నెలోని జావ పలుచనగును, రెండవది గట్టిగానే యుండును. మొలకలో పుట్టిన అమైలేజు అను ఎంజైము పిండిపదార్థమును ఖండించుటయే దీనికి కారణము. నీరు పోయకయే పలుచనైనది గనుక శక్తి తరుగలేదు. బరోడాలో తారా గోపాల్‌దాస్ మొదలగువారు పరిశోధించిన పద్ధతి ఇదియే. విద్యార్థి ఈ రెండు గిన్నెలను ఒకసారి చూచినచో, రేపు తన యింట చిన్న చెల్లెలికి తొలిముద్ద పెట్టునప్పుడు తల్లికి ఉపయోగపడు మాట చెప్పగలడు.