పడక పుండు నుంచి పార్లమెంటు చట్టం దాకా: మన దేశంలో నర్సింగ్ శిక్షణ చరిత్ర

ఈ వ్యాసం జీఎస్-1 (ఆధునిక చరిత్ర, సమాజం), జీఎస్-2 (ఆరోగ్యం) రెండింటికీ పనికొస్తుంది. అయితే దీన్ని రాయాలనిపించింది మాత్రం కోచింగ్ క్లాసులో కాదు, మా ఇంటి వరండాలో.

మా పెద్దమ్మ కూతురు ఏఎన్ఎం. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తోంది. ఈ సంక్రాంతికి నేను ఊరెళ్లేసరికి రెగ్యులర్ పోస్టు పరీక్షకి చదువుతోంది. పిల్లలు పడుకున్నాక పుస్తకం నా చేతికిచ్చి, "ప్రశ్నలడుగు తమ్ముడూ, నేను చెబుతా" అంది. కాసేపు అడిగాక నాకే హుషారు వచ్చి ఒక ప్రశ్నకు నేనే జవాబు చెప్పాను. ఊపిరి ఆడక అవస్థ పడుతున్న రోగిని మంచం మీద ఎలా ఉంచాలి? "వెల్లకిలా పడుకోబెట్టాలి" అన్నాను. అక్క నవ్వింది. "అలా పడుకోబెడితే ఉన్న ఊపిరి కూడా ఆడదురా. తలవైపు ఎత్తు చేసి, కూర్చున్నట్టు ఉంచాలి. ఫౌలర్స్ పొజిషన్ అంటారు."

నాలుగేళ్లు బీటెక్, మూడేళ్లు సివిల్స్ తయారీ. భోర్ కమిటీ ఏ సంవత్సరంలో నివేదిక ఇచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఊపిరి ఆడని మనిషిని ఎలా కూర్చోబెట్టాలో తెలియదు. ఈ రెండు చదువులకూ మధ్య ఉన్న చరిత్రే ఈ వ్యాసం.

1. ఆ పుస్తకంలో ఏముంది?

ముందు విషయం తెలుసుకుందాం. నర్సింగ్ పరీక్షల్లో 'ప్రాథమిక రోగి సంరక్షణ' అనే భాగం చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు చూడటం, రాయడం. పెద్దవారిలో నాడి నిమిషానికి 60 నుంచి 100, శ్వాస 12 నుంచి 20 మధ్య ఉండాలి. నాడి లయ తప్పుతుంటే పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించకూడదు, నిమిషమంతా లెక్కపెట్టాలి. ఒక రోగి దగ్గర్నుంచి ఇంకో రోగి దగ్గరికి వెళ్లేలోపు చేతులు కడుక్కోవాలి. కదల్లేని రోగిని సుమారు రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. తిప్పకపోతే నడుము కింద, మడమల దగ్గర ఒత్తిడి పడి రక్తప్రసరణ ఆగి పుండ్లు పడతాయి. వాటినే బెడ్ సోర్స్, పడక పుండ్లు అంటారు.

ఇందులో ఏదీ రాకెట్ సైన్స్ కాదని మీకు అనిపించవచ్చు. సరిగ్గా ఆ అభిప్రాయమే వందేళ్లకు పైగా నర్సుల మెడకు గుదిబండ అయింది. 'ఇది పనిమనిషి పని, దీనికి చదువెందుకు?' అన్న ప్రశ్నకు జవాబుగానే శిక్షణ, రిజిస్టర్, పరీక్ష ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి.

2. వలస పాలన దశ: సైన్యం కోసం మొదలైన సేవ

ఫ్లోరెన్స్ నైటింగేల్ ఎప్పుడూ భారతదేశానికి రాలేదు. కానీ ఇక్కడి లెక్కలు ఆమెకు తెలిసినంతగా అప్పటి అధికారుల్లో చాలామందికి తెలియదు. 1857 తిరుగుబాటు తర్వాత ఇక్కడ బ్రిటిష్ సైనికుల సంఖ్య పెంచారు. వారి ఆరోగ్య స్థితిపై వేసిన రాయల్ కమిషన్ 1863లో నివేదిక ఇచ్చింది. ఏటా ప్రతి వెయ్యిమంది సైనికుల్లో 69 మంది చనిపోతున్నారని తేలింది. ఎక్కువమందిని చంపింది యుద్ధం కాదు. జ్వరాలు, విరేచనాలు, కలరా. కంటోన్మెంట్ల నుంచి వచ్చిన సమాధాన పత్రాలను నైటింగేల్ లండన్‌లోనే కూర్చుని విశ్లేషించింది. మురుగు, తాగునీరు, గాలి ఆడని బారక్‌లు అసలు కారణాలని చూపించింది.

ఇక్కడి ఆసుపత్రులకు శిక్షణ పొందిన నర్సులు కావాలని 1860ల్లోనే ఆమె సూచనలు పంపింది. ఖర్చు ఎక్కువని ప్రభుత్వం వెనక్కి తగ్గింది. చివరకు 1888లో క్యాథరీన్ లోచ్ బృందం బొంబాయిలో దిగి సైనిక నర్సింగ్ సేవకు పునాది వేసింది. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోండి. ఆ సేవ మొదలైంది బ్రిటిష్ సైనికుల కోసం, సామాన్య భారతీయుల కోసం కాదు.

పౌరుల వైపు చూస్తే, స్త్రీల వైద్యం మొదటి మెట్టు. 1885లో లేడీ డఫరిన్ పేరుతో వచ్చిన నిధి (డఫరిన్ ఫండ్) స్త్రీలకు వైద్య విద్య, స్త్రీల ఆసుపత్రులు, నర్సులకూ మంత్రసానులకూ శిక్షణ లక్ష్యాలుగా పెట్టుకుంది. మిషన్ ఆసుపత్రులు ఇంకో దారి. మన గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ (1883లో వచ్చారు) స్థాపించిన ఆసుపత్రి, తమిళనాడులో ఐడా స్కడర్ వెల్లూరు ఆసుపత్రి ఇందుకు మంచి ఉదాహరణలు.

3. ఎవరు చేయాలి ఈ పని? కులం, అంటు, ఆడతనం

సమాజం పేపర్‌కు అసలు సరుకు ఇక్కడుంది. నర్సు పని అంటే తాకడం. రక్తం, చీము, మలమూత్రాలు, పురిటి మైల. వీటిని తాకే పనిని మన సమాజం ఎవరికి అప్పగించిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మంత్రసాని లేకుండా కాన్పు జరగదు, కానీ ఆమెను గడప లోపలికి రానిచ్చేది ఆ పూట మాత్రమే. ఈ తీరు ఉన్న చోట 'మీ అమ్మాయిని నర్సు చదువుకు పంపండి' అంటే ఎన్ని కుటుంబాలు ఒప్పుకుంటాయి? పైగా రాత్రి డ్యూటీ, పరాయి మగవాళ్ల శరీరాలు తాకడం. అందుకే చాలాకాలం ఈ వృత్తిలో క్రైస్తవ, ఆంగ్లో-ఇండియన్ స్త్రీలే ఎక్కువగా కనిపించారు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. శిక్షణ, సర్టిఫికెట్ వచ్చాక తరతరాలుగా కాన్పులు చేస్తున్న మంత్రసాని 'చదువులేనిది, మురికిది' అయిపోయింది. 20వ శతాబ్దం మొదట్లో లేడీ కర్జన్ చొరవతో వచ్చిన విక్టోరియా మెమోరియల్ స్కాలర్‌షిప్ నిధి మంత్రసానులకు శిక్షణ ఇవ్వాలని ప్రయత్నించింది. కానీ ఆమెకు తెలిసినదేమిటని అడిగినవారు తక్కువ. లైసెన్సు ఒకరికి గౌరవం ఇచ్చింది, ఇంకొకరిని గడప బయటే ఉంచింది. జవాబులో ఈ రెండూ రాస్తేనే సమతూకం వస్తుంది.

4. రిజిస్టర్ కోసం పోరాటం: 1905-1947

రిజిస్టర్ లేని చోట ఎవరైనా 'నేను నర్సుని' అనవచ్చు. ఒక ఆసుపత్రిలో ఆరు నెలలు నేర్చుకున్నవారు, ఇంకోచోట మూడేళ్లు నేర్చుకున్నవారు ఒకటే. రోగికి తేడా తెలిసేలోపే జరగాల్సింది జరిగిపోతుంది. దీన్ని సరిచేయడానికి నర్సులే కదిలారు. వరుస క్రమం ఇది:

- 1905: లక్నోలో నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం
- 1908: ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా (1922లో రెండు సంఘాలూ కలిసిపోయాయి)
- 1926: మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం. కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఇది మన చట్టం కూడా
- 1934, 1935: బెంగాల్, బొంబాయి చట్టాలు
- 1947: ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం

ప్రాంతాల చట్టాలతో ఒక చిక్కు వచ్చింది. ఒక్కో చోట ఒక్కో ప్రమాణం. దేశమంతటికీ ఒకే శిక్షణా ప్రమాణం ఉండాలన్నదే 1947 చట్టం ఉద్దేశం. ఆ సంవత్సరాన్ని ఒకసారి చూడండి. దేశ విభజన, శరణార్థి శిబిరాలు, కలరా భయం. అంత కల్లోలంలోనూ డిసెంబరు చివర్లో నర్సుల కోసం ఒక చట్టం వచ్చింది. అప్పటి ఆరోగ్య మంత్రి రాజకుమారి అమృత్ కౌర్. ఢిల్లీలో 1946లో మొదలైన నర్సింగ్ కళాశాలకు తర్వాత ఆమె పేరే పెట్టారు. వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ 1946లోనే మొదలైంది. అంటే నర్సింగ్ ఆసుపత్రి వార్డులోంచి విశ్వవిద్యాలయంలోకి అడుగుపెట్టిన సంవత్సరం అది.

5. భోర్ కమిటీ: ఒక్క లైన్ కాదు

మన నోట్సులో భోర్ కమిటీ (1943-46) అంటే 'ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు' అని ఒక లైన్ ఉంటుంది. దాని పక్కన ఈ అంకెలు కూడా రాసుకోండి. అప్పటి బ్రిటిష్ ఇండియాలో నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మందికి ఒక నర్సు. అదే కాలంలో బ్రిటన్‌లో 300 మందికి ఒకరు. డాక్టర్ల సంగతి చూస్తే మన దగ్గర 6,300 మందికి ఒకరు. ఈ రెండంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక నర్సుకి దాదాపు ఏడుగురు డాక్టర్లు! మందు రాసేవాళ్లు ఎక్కువ, ఆ మందు వేళకి ఇచ్చి పక్కన నిలబడేవాళ్లు తక్కువ. 1971 నాటికి 500 మందికి ఒక నర్సు ఉండాలని కమిటీ లక్ష్యం పెట్టింది. నర్సుల జీతాలు, వసతి, గౌరవం బాగుపడనిదే సంఖ్య పెరగదని కూడా గుర్తించింది.

6. ఏఎన్ఎం: ఒక మనిషి, పది పనులు

అంతమంది పూర్తి స్థాయి నర్సుల్ని తయారు చేయడానికి డబ్బూ లేదు, సమయమూ లేదు. అందుకే 1950ల మొదట్లో తక్కువ కాలపు శిక్షణతో ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్, అంటే ఏఎన్ఎం వచ్చింది. మొదట రెండేళ్ల కోర్సు. 1973 కర్తార్ సింగ్ కమిటీ సిఫారసు తర్వాత ఏఎన్ఎం 'బహుళార్థ ఆరోగ్య కార్యకర్త' అయింది, కోర్సు 18 నెలలకు తగ్గింది. తర్వాత మళ్లీ రెండేళ్లకు పెరిగింది.

పేరు మారడంతో పని కూడా మారింది. కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, టీకాలు, సర్వేలు, రిజిస్టర్లు. ఎమర్జెన్సీ కాలంలో ఆ లక్ష్యాల ఒత్తిడి ఎంతదాకా వెళ్లిందో మీరు చదివే ఉంటారు. లక్ష్యాలు లేని విధానం ప్రకటించింది 1996లో. కాన్పు చేయడం నేర్చుకున్న మనిషి కాగితాలు నింపడంలో మునిగిపోయింది. అక్క ఆ రాత్రి చెప్పిన మాట: "పేషెంటు చేయి పట్టుకునేది తక్కువ, ట్యాబ్ పట్టుకునేది ఎక్కువ. అందుకే ఇవన్నీ మళ్లీ చదవాల్సి వస్తోంది."

ఈ దశలో తెలుగువారు గుర్తుంచుకోవాల్సిన పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీల కోసం కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా సంక్షిప్త కోర్సులు మొదలుపెట్టారు. బాల వితంతువులు, భర్త వదిలేసినవారు ఆ తలుపు గుండా బడి చదువు పూర్తిచేసి టీచర్లు, నర్సులు అయ్యే వీలు కలిగింది.

7. ఒక కేసు, ఒక పడక పుండు

అరుణా శానబాగ్ కేసు మనందరికీ కారుణ్య మరణం (2011 సుప్రీంకోర్టు తీర్పు) కింద తెలుసు. నేనూ అలాగే చదివాను. కానీ అక్క పుస్తకం చూశాక ఆ తీర్పులో ఒక విషయం కొత్తగా కనిపించింది. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అయిన ఆమెపై 1973 నవంబరులో అక్కడి ఉద్యోగే దాడి చేశాడు. 2015 మే నెలలో చనిపోయేదాకా 41 ఏళ్లకు పైగా మంచం మీదే ఉన్నారు. అన్నేళ్లూ చూసుకున్నది ఆ ఆసుపత్రి నర్సులే. ఆమె ఒంటి మీద ఒక్క పడక పుండు కూడా లేదన్నది కోర్టు ముందు నమోదైంది.

దాన్ని లెక్కవేసి చూడండి. రెండు గంటలకోసారి అంటే రోజుకి పన్నెండుసార్లు. ఏడాదికి 4,380. 2011 నాటికి 37 ఏళ్లు. మొదట చూసుకున్న నర్సులు రిటైరయ్యారు, తర్వాతివాళ్లు వచ్చారు. ఎవరూ మర్చిపోలేదు. 'రాకెట్ సైన్స్ కాదు' అనుకున్న పాఠం ఇదే. జీఎస్-4లో సేవాభావం, కరుణ అడిగితే ఇంతకంటే గట్టి ఉదాహరణ నా దగ్గర లేదు.

8. ఇప్పుడు ఎక్కడున్నాం?

జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. 1947 చట్టం స్థానంలో కౌన్సిల్‌కు బదులు కమిషన్‌ను తెచ్చేది ఇదే. అదే ఏడాది 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు కేంద్రం ఆమోదం తెలిపింది. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇంకో పాత లెక్క తేల్చింది. పెళ్లి చేసుకున్నందుకు 1988లో సైనిక నర్సింగ్ సర్వీసు నుంచి తొలగించిన అధికారిణికి 60 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. నర్సు అంటే పెళ్లీ ఇల్లూ లేని సేవికగా ఉండాలన్న వలస కాలపు ఆలోచన మనతో ఎంతకాలం నడిచిందో ఈ తీర్పు చెబుతుంది.

చట్టం మారింది. కానీ పదకొండేళ్లు పనిచేసిన మనిషి తన పనికి తాను అర్హురాలినని ఇంకా పరీక్ష రాసి నిరూపించుకుంటోంది. పరీక్ష ఉండొద్దని నేను అనను. ఈ వ్యాసమంతా పరీక్ష, రిజిస్టర్ ఎందుకు అవసరమయ్యాయో చెప్పడానికే రాశాను. అయితే పరీక్ష నిలబెట్టాల్సింది రోగి ప్రాణాన్ని. ఏళ్లతరబడి కాంట్రాక్టులో ఉంచడానికి అది సాకు కాకూడదు.

జవాబులో ఎలా వాడాలి

ఉపోద్ఘాతంలో 43,000 మందికి ఒక నర్సు అన్న అంకె. మధ్యలో మూడు దశలు: సైన్యం, మిషన్లు, ప్రభుత్వం. ఆపై కులం, స్త్రీ కోణం. ముగింపులో 2023 చట్టం, క్షేత్రస్థాయి సిబ్బంది స్థితి.

సాధన ప్రశ్న (250 పదాలు): "భారతదేశంలో నర్సింగ్ వృత్తి ఎదుగుదల వైద్య చరిత్ర మాత్రమే కాదు, సామాజిక చరిత్ర కూడా." చర్చించండి.

రాసి పంపితే నేను చదివి నా అభిప్రాయం చెబుతాను. ఈలోగా మీ ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, చదువు ఆపి ఒకసారి పక్కకు తిప్పి రండి. రెండు గంటలు అయ్యే ఉంటుంది.