తుపాకీ గొట్టం మూతిపై మర: కొలత నుండి చట్టం వరకు ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: రైఫిల్ గొట్టం మూతికి వెలుపల కోసే మర చూడడానికి చిన్న అంశం. విడిభాగాలను కలిపే కొలతగా ఉన్న ఆ మర, ఇరవయ్యో శతాబ్దం చివరికి శాసనకర్తల దృష్టిలో ఆయుధ లక్షణంగా ఎలా మారిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మర, రైఫిల్, ప్రమాణీకరణ, సైలెన్సర్, ఆయుధ చట్టం.

1. ఉపోద్ఘాతం

రైఫిల్ గొట్టానికి రెండు మెలికలు ఉండవచ్చు. లోపలి మెలిక గుండును తిప్పుతూ పంపే గాడి. రైఫిల్‌కు ఆ పేరు దానివల్లనే వచ్చింది. బయటి మెలిక మూతి దగ్గర కోసే మర. సైలెన్సర్ వంటి పరికరాలను బిగించడానికి ఇది ఆధారం. తెలుగులో ‘మర’ అనే మాట స్క్రూ చుట్టుకూ, యంత్రానికీ కూడా వర్తిస్తుంది. ఈ రెండర్థాలూ ఈ చరిత్రలో కలిసే నడుస్తాయి.

2. జత మర నుండి ఉమ్మడి మరకు

గొట్టానికి మర మొదట చేరింది మూతి వద్ద కాదు, అడుగున. మూతి నుండి మందు కూరే తుపాకులకు వెనుక కొసను మర బిరడాతో మూసేవారు. 1543లో జపాన్‌లోని తనెగషిమా ద్వీపానికి పోర్చుగీసు వారి ద్వారా తుపాకీ చేరింది. స్థానిక కమ్మరులు దాని రూపాన్ని అనుకరించగలిగినా అడుగు మూయడం వారికి సాధ్యపడలేదనీ, మరుసటి ఏడు ఓడలో వచ్చిన విదేశీ లోహకారుని వద్ద ఆ పని నేర్చుకున్నారనీ 1606 నాటి ‘తెప్పోకి’ చెబుతున్నది. వస్తువును చూసినంత మాత్రాన మర కోసే విద్య పట్టుబడదని ఈ కథనం సూచిస్తుంది.

చేతితో అమర్చిన బిరడా తన గొట్టానికే జత. పక్క తుపాకీకి సరిపోతుందన్న భరోసా లేదు. 1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే రూపొందించిన మర కోసే లేత్ ఒకే కొలతను మళ్లీ మళ్లీ సాధించే వీలు కల్పించింది. ఆయన వద్ద పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్, పలు కార్ఖానాల బోల్టులను సేకరించి పరిశీలించి, 1841లో 55 డిగ్రీల కోణంతో ఉమ్మడి ప్రమాణాన్ని ప్రతిపాదించాడు. తర్వాతి దశాబ్దంలో ఆరు పలకల మెలి గొట్టంతో రైఫిల్‌ను రూపొందించినదీ ఆయనే. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో 60 డిగ్రీల మరను ప్రతిపాదించాడు. ఈ భేదం రెండో ప్రపంచయుద్ధంలో మిత్రదేశాలకు ఇబ్బందిగా పరిణమించింది. చివరకు 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా 60 డిగ్రీల ఏకీకృత ప్రమాణాన్ని అంగీకరించాయి.

3. మూతికి చేరిన మర

మెషిన్ గన్ సృష్టికర్త హైరమ్ మాక్సిమ్ కుమారుడు హైరమ్ పెర్సీ మాక్సిమ్‌కు 1909లో సైలెన్సర్‌పై అమెరికా పేటెంటు లభించింది. గుండు వెంట వెలువడే వాయువును గదులలో సుళ్లు తిప్పి, వేగం తగ్గించి వదలడం దాని సూత్రం. సైలెన్సర్ తుపాకీకి వేరుగా అమ్ముడుపోయే వస్తువు. కనుక రెండింటినీ కలిపే కొలత ముందే నిశ్చితమై ఉండాలి. మర గొట్టంతో ఏకాక్షంగా కూడా ఉండాలి. ఏమాత్రం వంకర ఉన్నా గుండు పరికరాన్నే తాకుతుంది.

తర్వాత సైనిక రైఫిళ్లు దీనిని స్వీకరించాయి. అమెరికా ఎం-16 మూతిపై అర అంగుళం వ్యాసంలో, అంగుళానికి 28 చుట్ల మర ఉంటుంది. మంటను కప్పే ఫ్లాష్ సప్రెసర్‌ను దానికి బిగిస్తారు. 1959 నాటి సోవియట్ ఏకేఎంకు 14 మిల్లీమీటర్ల వ్యాసంలో, మిల్లీమీటరుకు ఒక చుట్టుగా ఎడమ మర ఉంటుంది. పైకి లేచే మూతిని అణచే ఏటవాలు పరికరం దానిపై సరైన దిశలో నిలవాలి. అందుకు స్ప్రింగు పిన్ను తోడుంటుంది. ఒకదాని పరికరం మరొకదానికి పట్టదు. విట్‌వర్త్ కోరిన ఉమ్మడి కొలత ఆ విధంగా రెండు శిబిరాలుగా చీలింది.

4. చట్టం చదివిన మర

అమెరికాలో 1934 నాటి జాతీయ ఆయుధ చట్టం సైలెన్సర్ తయారీ, బదిలీలపై 200 డాలర్ల పన్ను విధించింది. నియంత్రణకు గురైనది పరికరం, మర కాదు. 1994 చట్టం ఇందుకు భిన్నం. విడదీయగల మ్యాగజైన్ ఉన్న సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కు పేర్కొన్న ఐదు లక్షణాలలో రెండున్నా నిషేధం వర్తించింది. ఆ ఐదింటిలో ఒకటి ఫ్లాష్ సప్రెసర్, లేదా దానిని అమర్చడానికి వీలుగా మర కోసిన గొట్టం. పరికరం లేకపోయినా దానికి చోటు ఉండడమే లెక్కలోకి వచ్చింది. తయారీదారులు మర లేని నున్నని మూతితో రైఫిళ్లను విపణికి తెచ్చారు. రైఫిల్ పనితీరు ప్రధానంగా మారలేదు. పదేళ్ల గడువు ముగిసి 2004లో ఆ నిషేధం రద్దయింది. మరోవైపు నార్వే, ఫిన్లాండ్‌లలో వేటగాళ్ల వినికిడిని కాపాడే సాధనంగా సైలెన్సర్ ఆమోదం పొందింది.

5. ముగింపు

మర తనంతట తాను ఏ పనీ చేయదు. మరొక వస్తువు కోసం ఏర్పరచిన చోటు మాత్రమే. ఆ చోటులో తనెగషిమా కమ్మరి తనకు అందని విద్యను చూస్తే, విట్‌వర్త్ పరిశ్రమకు కావలసిన ఉమ్మడి భాషను చూశాడు; 1994 నాటి శాసనకర్తలు రాబోయే ప్రమాదాన్ని చూశారు. వస్తువులోని ఒక వివరాన్ని నిషేధించినప్పుడు నిజంగా అదుపులోకి వచ్చేది ప్రమాదమా, దాని ఆనవాలా అన్న ప్రశ్న ఆయుధ చట్టాల అధ్యయనంలో ప్రధానంగా పరిశీలించదగినది.