రాజ్-కోటి: మధ్యలో ఆ చిన్న గీత

హార్డ్ రాక్ పిచ్చి ఉన్నవాళ్ళతో మాట్లాడితే ఏసీ/డీసీ కథ రాకుండా ఉండదు. 1980 ఫిబ్రవరిలో గాయకుడు బాన్ స్కాట్ చనిపోయాడు. యంగ్ అన్నదమ్ములు మాల్కమ్, ఆంగస్ కొత్త గాయకుణ్ణి వెతుక్కుని అదే జూలైలో 'బ్యాక్ ఇన్ బ్లాక్' విడుదల చేశారు. నిలబడటమంటే అదీ అంటారు. ఒప్పుకుంటాను. కానీ మనకీ ఓ జంట ఉందండీ. తెల్లాపూర్ నుంచి గచ్చిబౌలి వెళ్ళే ట్రాఫిక్ లో ఇప్పటికీ నా నిద్ర వదలగొట్టేది వాళ్ళ డ్రమ్సే :)

రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. 'పాండురంగ మహత్యం' (1957)కి సంగీతమిచ్చిన టి.వి.రాజు గారబ్బాయి. కోటి 'మల్లీశ్వరి' (1951) సాలూరి రాజేశ్వరరావు గారబ్బాయి. ఇంకేం, దారి సాఫీగా ఉండుంటుంది అనుకుంటాం కదా? ఇంటిపేరు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్తుందేమో గానీ ఆఫర్ లెటర్ ఇవ్వదు. ఇద్దరూ చక్రవర్తి గారి దగ్గర సహాయకులుగా పనిచేశారు. 1983లో 'ప్రళయ గర్జన'తో సొంతంగా మొదలుపెట్టారు.

అప్పుడు పోటీ ఎవరితో? ఒకపక్క గురువు గారు చక్రవర్తి, అదే ఏడాది వచ్చిన 'ఖైదీ' ఆయనదే. ఇంకోపక్క ఇళయరాజా. పెద్ద హీరో సినిమాతో ఊరంతా మోగడానికి 1988 దాకా ఆగాల్సొచ్చింది. ఆ ఏడాది 'యముడికి మొగుడు', 'ఖైదీ నంబర్ 786' రెండూ వీళ్ళవే. అంటే ఐదేళ్ళు. మనలో చాలామంది ఈపాటికి మూడు కంపెనీలు మారుంటాం.

1992లో 'రోజా' వచ్చి సినిమా పాట శబ్దమే మారిపోయింది. ఆ రెహమాన్ అంతకుముందు వీళ్ళ దగ్గరే కీబోర్డు వాయించాడు! అయినా వీళ్ళు తగ్గలేదు. 1993లో 'ముఠామేస్త్రి', 1994లో 'హలో బ్రదర్'.

సరిగ్గా ఆ ఊపులోనే విడిపోయారు. 1995లో రాజ్ 'సిసింద్రీ', కోటి 'పెదరాయుడు' విడివిడిగా చేశారు. కోటి 'నువ్వే కావాలి' (2000), 'నువ్వు నాకు నచ్చావ్' (2001) దాకా సాగారు. రాజ్ పేరు తెరమీద క్రమంగా అరుదైపోయింది. 2023 మే 21న హైదరాబాదులో ఆయన పోయారు.

ఎందుకు విడిపోయారన్నది వాళ్ళిద్దరి సంగతి, తీర్పు చెప్పడానికి నేనెవర్ని? నాకనిపించేది ఒక్కటే. అవకాశాల్లేని రోజుల్లో ఇద్దరి పేర్ల మధ్య ఉన్న ఆ చిన్న గీత బలం. ఏ ట్యూను ఎవరిదని అప్పుడెవరూ అడగరు. హిట్టు కొట్టాకే ఆ లెక్కలు మొదలవుతాయి. మన టీముల్లోనూ అంతే కదా? ప్రొడక్షన్ పడిపోయిన రాత్రి అందరం ఒక్కటే, అప్రైజల్ వచ్చేసరికి ఎవరి గోల వాళ్ళది.

కష్టాన్ని తట్టుకోవడం గురించి బోలెడు పుస్తకాలున్నాయి. గెలుపుని ఇద్దరు కలిసి తట్టుకోవడం ఎలాగో ఎవరైనా రాస్తే చెప్పండి, ముందు నేను కొంటాను.